వెనక ఎడమ స్పీకర్

నవంబరు, రెండో ఆదివారం, ఉదయం పది గంటలు. తూంకుంటలో మా ఇంటి ముందు. హాజరైనవారు: నేను, నా భార్య, మా అమ్మాయి, షామీర్‌పేటలో కారు స్పీకర్లు బిగించే దుకాణదారు.

తేల్చవలసింది ఒక్కటే. మూడు వారాలుగా కారులో పాట పెడితే నాకు చిటపట చప్పుడు వినిపిస్తోంది. ఇంట్లో ఇంకెవరికీ వినిపించడం లేదు. లోపం నా చెవుల్లోనే ఉందని మా అమ్మాయి నిర్ణయించి, పేట్ బషీరాబాద్‌లో చెవుల డాక్టరు దగ్గర మరునాటికి సమయం తీసుకుంది. కారు తాళం తన దగ్గరే పెట్టుకుంది.

"ఎనక నుంచి లారీ హారన్ గొడితె ఇనవడకపోతె ఎట్ల బాపూ?"

మా ఊరి మీదుగా పోయే కరీంనగర్ రోడ్డు మీద లారీల సంగతి నాకు తెలుసు, ఆ భయం న్యాయమైనదే. కానీ లోపం చెవులదేనని పరీక్షించకుండా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

"కొత్తయి ఏసుకోండ్రి సాబ్, జల్దీ అయిపోతది," అన్నాడు దుకాణదారు.

"ముందు ఏది చెడిందో తేలాలె," అన్నాను.

నేను రోజూ రాసుకునే డైరీ తిరగేస్తే ఒక విషయం కనబడింది. చప్పుడు విన్న ప్రతిసారీ నేను బండి ఆపి, పాట పెట్టుకుని, వెనక సీటు తుడుస్తున్నాను. ఇంట్లోవాళ్లేమో ఎప్పుడూ ఏసీ నడుస్తుండగా ముందు సీట్లోంచి విన్నవాళ్లు. అందుకని నా భార్యను వెనక కూర్చోబెట్టాను. అమ్మాయి ఇంజను వేయకుండా తాళం తిప్పింది, నా చేతికి మాత్రం ఇవ్వలేదు. ఒకటే పాట, ఒక్కొక్క స్పీకర్‌లో. వెనక ఎడమది మోగగానే నా భార్య తల తిప్పింది.

"అమ్మో, నిజమే! పెనం మీద జొన్నలు ఏపినట్టున్నది."

"ఇగ నా చెవులు మంచియేనా?"

"గీ చప్పుడు ఇన్న చెవి మంచిదే. నేను పిలిస్తె పలకని చెవి సంగతి డాక్టరే జెప్పాలె."

దుకాణదారు వెనక రెండు స్పీకర్ల తీగలను ఒకదానివి ఇంకోదానికి మార్చాడు. చప్పుడు కుడివైపుకు పోతే లోపం స్టీరియోది, అక్కడే ఉంటే స్పీకర్‌ది. అక్కడే ఉంది. వెనక అద్దం కింద, పైకి చూస్తూ ఉండే ఆ స్పీకర్ జాలీ విప్పాడు. లోపల పసుపు బియ్యం గింజలు, దరువు పడినప్పుడల్లా ఎగురుతున్నాయి.

"క్యా సాబ్, స్పీకర్‌కు పెండ్లి జేసిండ్రా?"

దసరా నాడు కారుకు పూజ చేస్తూ, బయట చల్లినవి చాలవన్నట్టు వెనక తలుపు తీసి గుప్పెడు అక్షింతలు లోపల చల్లింది నేనే. ఆ రోజు పేజీలో 'వాహన పూజ సక్రమంగా జరిగింది' అని కూడా రాసుకున్నాను. గింజలు తీసేశాక పాట శుభ్రంగా వినిపించింది.

"డాక్టరు దగ్గర టైము క్యాన్సల్ చెయ్యాల్నా బాపూ?"

"వద్దు. కారు సంగతే తేలింది. చెవుల సంగతి ఇంకా తేలలే."

మరునాడు ఉదయం అమ్మాయే కారు నడుపుతూ తీసుకెళ్లింది. ఎడమ చెవి బాగానే ఉంది. కుడి చెవికి సన్నని శబ్దాలు కొంచెం తక్కువగా అందుతున్నాయి. బండి నడపొచ్చా అని నాకంటే ముందు అమ్మాయే అడిగింది. నడపొచ్చు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి అన్నాడు డాక్టరు. బయటికి రాగానే అమ్మాయి తాళం నా చేతిలో పెట్టింది. ఇంటిదాకా నేనే నడిపాను. వెనక హారన్లు వినబడాలని పాట పెట్టలేదు.