రెండు గూడేలు, రెండు కొర్రలు

మా అమ్మాయి మొట్టమొదట స్పష్టంగా పలికిన మాట "థూ". తెలుగు మాస్టారి కూతురు కదా, ఒత్తు ఎక్కడా పోనివ్వలేదు. నా దగ్గర రెండేళ్ళు చదివిన ఇంటర్ పిల్లలు కూడా ఆ అక్షరాన్ని అంత నిండుగా పలకలేరు. ఇదేమో ఇంకా ఏడో నెల నిండకుండానే, నోట్లో పెట్టిన ప్రతి చెంచాడు ఉగ్గుకీ ఒకసారి చొప్పున పలికి వినిపించేది. వినిపించడంతో ఆగక నా చొక్కా మీద రాసి కూడా చూపించేది.

ఆరు నెలలు నిండాక ఘనాహారం ప్రారంభించాలని టీకాల కార్డు వెనక అచ్చేసి ఉంది. ఘనాహారం అన్నారు కదా అని మేమూ ఘనంగానే ప్రారంభించాం. అన్నప్రాశన చేశాం. మా అత్తవారి వైపు నుంచి ఆటో నిండా జనం వచ్చారు. పరమాన్నం మెతుకు నాలిక్కి తగలగానే అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా మర్యాదగా ఉంచుకుని, ఆ తరవాత ఆ మెతుకుని మా అత్తగారి పట్టుచీర మీదికి పంపించింది. అప్పట్నుంచీ మేం ఘనంగా లోపలికి పంపినదంతా ద్రవంగా తిరిగొస్తూనే ఉంది.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, మాకు ముందు ఒక సోమవారం ఉంది.

మా ఆవిడ గూడెంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేముండే ఏలూరులో ఎవరైనా గూడెం అంటే అది తాడేపల్లిగూడెమే. నేను పుట్టి పెరిగింది జంగారెడ్డిగూడెంలో. నాకు గూడెం అంటే మా గూడెమే. పెళ్ళైన కొత్తలో "గూడెం వెళ్ళొస్తానండీ" అని ఆవిడ అంటే, మా అమ్మని చూడ్డానికి వెళుతోందనుకుని మురిసిపోయి, మావిడికాయలు తెమ్మన్నాను. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చిందని అలిగాను కూడా. ఆ తరవాత "ఏ గూడెం?" అన్న ప్రశ్న మా ఇంట్లో ఊతపదమైపోయింది.

ఆ తాడేపల్లిగూడెం ల్యాబు వాళ్ళు ఆవిడ కోసం ఏడు నెలలు ఆగారు. "సోమవారం రాలేకపోతే చెప్పమ్మా, వేరే అమ్మాయిని చూసుకుంటాం" అని మర్యాదగానే చెప్పారు. ఆవిడకి ఆ పని ప్రాణం. ఎంత బక్క చేతికైనా ఒక్క పోటుతో నరం దొరికించుకుంటుందని పేరు. అక్కడి ముసలివాళ్ళు ఆవిడ ఉంటేనే చెయ్యి చాపుతారట. అలాంటి మనిషి ఇంట్లో కూతురి నోరు దొరక్క ఓడిపోతోంది.

"ఏవండీ, పవర్‌పేట స్టేషన్లో పొద్దున్న పాసింజరు ఎక్కితే మళ్ళీ ఇంటికొచ్చేది సాయంత్రం ఆరింటికండి. పది గంటలు. సీసా ముట్టదు, చెంచా ముట్టదు. పది గంటలు ఏం తాగుద్దండీ ఇది? మీ పద్యాలా?"

"నేను లేనూ?" అన్నాను. కాలేజీకి వేసవి సెలవులు. జూన్ నుంచి మా అత్తగారు వచ్చి ఉంటానన్నారు. అప్పటిదాకా ఆ పది గంటలూ నావే.

"మీరున్నారనే కదండీ నా భయం" అంది.

ఆవిడ ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, ల్యాబులో రాసినట్టే రాయడం మొదలుపెట్టింది. బియ్యం పెసరపప్పు ఉగ్గు: నెగటివ్. రాగి జావ: నెగటివ్. అరటిపండుకి మొహం చిట్లించింది, బంగాళాదుంపకి ఒళ్ళంతా వణికింది. రెండూ నెగటివే. ఉగ్గు పెట్టేవాడికి ముందు కావలసింది ఉగ్గబట్టుకోవడం అని నాకు నేను చెప్పుకుని, చొక్కా మార్చుకుని, మళ్ళీ కూర్చునేవాణ్ణి. పిల్ల నోరు తెరవాలని నేను నోరు తెరిచేవాణ్ణి. పక్కన మా ఆవిడా తెరిచేది. ఇద్దరం అలా నోళ్ళు వెళ్ళబెట్టుకుని కూర్చుంటే అది మాత్రం పెదాలు బిగించి, మా ఇద్దరికీ ఏదో జబ్బు చేసిందన్నట్టు చూసేది.

మంగళవారం మా ఆవిడ పిల్లకి స్నానం చేయిస్తుండగా మా అత్తగారు ఫోన్ చేశారు. వాళ్ళది కొల్లేటికోట. చుట్టూ కొల్లేరే. అత్తగారూ మామగారూ చేపల చెరువుల మీద పనిచేస్తారు. ఆ వారం పట్టుబడి, అంటే పెరిగిన చేపల్ని వల వేసి పట్టే పని, ఉండి రాలేకపోయారు. నేను మా కష్టాలన్నీ ఏకరువు పెట్టాను.

"ఆ పొళ్ళూ జావలూ ఎందుకండీ అల్లుడుగారూ. కొర్ర పెట్టండి. మా పిల్లలందరికీ మొదటి ముద్ద అదేనండి."

"కొర్రా అండీ?"

"ఆయ్, కొర్రండి. మెత్తగా ఉడికించి, వేళ్ళతో చిదిమి, కొంచెం కొంచెం పెట్టండి. బలమండి. ఏలూర్లో బోలెడు దొరుకుద్ది."

నా గుండె పొంగిపోయింది. కొర్రలు మా మెట్ట ధాన్యం. మా నాయనమ్మ కొర్రన్నం వండితే ఇల్లంతా కమ్మటి వాసన వచ్చేది. పెళ్ళై మూడేళ్ళైనా మా మెట్టకీ వాళ్ళ నీళ్ళకీ పొత్తు కుదరలేదు. నేను చేప ముల్లు తీసుకోలేను, వాళ్ళు మా పనసపొట్టు కూర ముట్టరు. అలాంటిది, కొల్లేటి పిల్లల మొదటి ముద్ద మా కొర్రన్నమా! వెంటనే బజారుకి వెళ్ళి రెండు కిలోలు తెచ్చాను.

"మీ అమ్మగారు చెప్పారా?" అంది మా ఆవిడ, సంచి చూసి.

"కాదు. మీ అమ్మగారే."

"మా అమ్మకి కొర్రలెక్కడ తెలుసండీ?" అని ఆశ్చర్యపోయి, కాసేపు ఆలోచించి, "ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూస్తోందిలెండి" అని సరిపెట్టుకుంది.

మర్నాడు శ్రద్ధగా వండి పెట్టాను. ఉగ్గు అయితే ఊసినా ఒకచోట పడుతుంది. కొర్ర గింజ అలా కాదు, విడివిడిగా ఎగురుతుంది. ఒకే ఒక్క "థూ"తో నా కళ్ళద్దాల మీద నక్షత్రాలు పొడిచాయి. పిల్ల చెవి మడతల్లో, నా మీసంలో, గోడ మీది క్యాలెండర్లో, అన్నిచోట్లా కొర్రలే. ఒక్క పొట్టలో తప్ప. మా ఆవిడ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. కాగితం మీద "కొర్ర: నెగటివ్" అని రాసి, పెన్ను మూత పెట్టి, "ఐదు రోజులుందండి" అంది. ఆ గొంతు విన్నాక నాకు హాస్యమాడబుద్ధి కాలేదు.

సాయంత్రం అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారండీ, కొర్ర పెట్టానండి. ఊసేసిందండి."

"అయ్యో. ముళ్ళు శుభ్రంగా తీశారా అండీ?"

"ముళ్ళేంటండీ? పొట్టు తీసిందే తెచ్చానండి."

"పొట్టేంటండీ, పొలుసనండి. పోనీ, బతికున్నదేనా?"

బతికున్న కొర్ర అంటే మొలక వచ్చేది కాబోలనుకున్నాను. "మొలకెత్తించలేదండీ. బాగా కడిగి, ఎనిమిది గంటలు నానబెట్టానండి."



"అయ్యబాబోయ్! ఎనిమిది గంటలు నానబెట్టారా! చేపనా!"

"చేపేంటండీ?"

"కొర్రండీ!"

అప్పుడు వెలిగింది. కొల్లేటి వాళ్ళకి కొర్ర అంటే కొర్రమీను. ముల్లు తక్కువ, కండ మెత్తన, బాలింతలకీ పసిపిల్లలకీ వాళ్ళు పెట్టే చేప. నేను "కొర్రలండీ, కొర్రన్నం" అన్నాక ఫోన్లో నవ్వు మొదలైంది. ఆవిడ నవ్వుతూనే పక్కనున్న మామగారికి చెప్పారు. ఆయనా నవ్వారు. ఆ తరవాత చెరువు గట్టు మీద ఉన్న ఎవరెవరో నవ్వారు. "చిలకలకి పెట్టేదాన్ని చంటిపిల్లకి పెట్టారంటండీ" అని ఎవరో అనడం నాకు వినపడింది. మా మెట్ట నాయనమ్మ తరఫున నేను నొచ్చుకున్నాను గానీ బయటపడలేదు.

శనివారం పొద్దున్నే అత్తగారు దిగారు. ఆటో, బస్సు మారి, మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, రెండు కొర్రమీనులు ప్రాణాలతో తెచ్చారు. "పట్టుబడి ఇవాళా రేపూ ఆగిందండి. సోమవారం తెల్లారేసరికి నేనక్కడుండాలి" అన్నారు. పిల్ల బకెట్‌లోకి తొంగి చూసి, చేప తోక విదిలించగానే కిలకిలా నవ్వింది. తిండి అనేదాన్ని చూసి అది నవ్వడం అదే మొదటిసారి.

చిటికెడు పసుపేసి చేపని ఆవిరి మీద ఉడికించి, కండ విడదీసి, రెండుసార్లు వేళ్ళతో తడిమి ముల్లు లేదని చూసుకుని, మెత్తటి అన్నంలో కలిపారు. నేను అలవాటుగా చెంచా, గిన్నె, తువ్వాలు పట్టుకుని పిల్ల ముందు కూర్చున్నాను. మా ఆవిడ పెన్ను పట్టుకుని నా పక్కన కూర్చుంది.

అత్తగారు మా ఇద్దర్నీ చూసి నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇదేంటండీ, పరీక్ష హాల్లాగా? ఇద్దరూ చెరోవైపు కాపలా కూర్చుంటే ఎవరికి దిగుద్దండీ? మాస్టారు మీరు, మీకు తెలీదా? అందరూ తింటుంటే అదీ తింటది. మీరు కంచం పెట్టుకోండి. దాన్ని ఒళ్ళో వేసుకోండి. ఆ చెంచా అవతల పెట్టండి. నువ్వేమో బయటికెళ్ళవే."

"నేనెందుకమ్మా?"

"నీ పాలవాసన గదిలో ఉండగా దానికి ఇంకోటి ఎందుకే? పో."

మా ఆవిడ వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని, ముల్లుకి భయపడుతూ, చేప అన్నం తినడం మొదలుపెట్టాను. అత్తగారు ఎదురుగా తింటూ, చెరువు సంగతులేవో చెబుతూ, పిల్లవైపు చూడకుండానే వేలి చివర ఇంత మెతుకు దాని పెదాలకి రాశారు. నాలిక బయటికొచ్చింది. లోపలికి పోయింది. నేను చొక్కా సర్దుకున్నాను. థూ రాలేదు. ఇంకోటి రాశారు. అదీ పోయింది.

"ఏవండీ, ఏమైంది?" అని మెట్ల మీంచి గొంతు.

"ఏం కాలేదు!"

"ఏం కాకపోవడమేంటండీ? చప్పుడే లేదు?"

"అదేనే నేను చెప్పేది, చప్పుడే లేదు!"

పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి, పిల్ల ఖాళీ నోరు చూసింది. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంత తొందరగా నాతో పని తీరిపోయిందా దీనికి?" అంది.

"తీరడమేంటే పిచ్చిదానా," అన్నారు అత్తగారు, "సాయంత్రానికి వాయిదా పడింది. అంతే."

ఆదివారం రెండో చేపా అయిపోయింది. అత్తగారు బస్సెక్కుతూ, "బజార్లో కొర్ర తెచ్చుకోండి, ముల్లు మాత్రం జాగ్రత్తగా చూడండి" అన్నారు. అన్నం మెతుకుల్లో రాయి కూడా కనపడని నా కళ్ళద్దాలతో పసిపిల్లకి ముల్లు తీసే ధైర్యం నాకు లేదు. ఆ సంగతి మా ఆవిడకి చెబితే సోమవారం బండెక్కదని చెప్పలేదు.

సోమవారం ఆవిడ వెళ్ళింది. వీధి మలుపు దాకా మూడుసార్లు వెనక్కి చూసింది. పదింటికి ఉగ్గు కలిపి పెట్టాను. "థూ". పదకొండింటికి సీసా. మొహం తిప్పేసింది. పన్నెండయ్యేసరికి ఏడుపు అందుకుంది. ఎత్తుకుని గది ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను, పద్యాలు కూడా పాడాను. ఆవిడ అననే అంది, పద్యాలు తాగదని. ఫోన్ చేసి రమ్మందామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. రమ్మంటే వస్తుంది. వస్తే మళ్ళీ వెళ్ళదు.

ఫోన్ కింద పెట్టాను. నాకూ ఆకలేస్తోంది. పొయ్యి మీద ఉన్నది కొర్రన్నం. తెచ్చిన రెండు కిలోలూ నేనే పూర్తి చెయ్యాలని మా ఇంట్లో అప్పటికే తీర్పు అయిపోయింది. ఆ రోజు ఏడుపు హడావిడిలో దించడం మరిచిపోయి, నీళ్ళు ఎక్కువై, గింజ గింజ విడవకుండా ముద్దయిపోయింది. అందులో పెరుగు పోసుకుని, కింద కూర్చుని, వెక్కుతున్న పిల్లని ఒళ్ళో వేసుకుని తినడం మొదలుపెట్టాను.

నాలుగో ముద్దకి కంచంలో ఇంకో చెయ్యి కనిపించింది. చిన్నది. అది పెరుగులో ముంచి పిడికిలి బిగించి నోట్లో పెట్టుకుంది. నేను చూడలేదు. చూస్తే పరీక్ష అవుతుంది. గోడ మీది క్యాలెండర్ని, అందులో ఇంకా ఎండిపోయి అంటుకుని ఉన్న కొర్ర గింజని చూస్తూ, వేలి చివర ఇంత ముద్ద కిందికి చూపించాను. వేలు ఖాళీ అయింది. ఇంకోటి. ఖాళీ. అలా ఏడు. ఆ తరవాత అది నా మోకాలి మీదే నిద్రపోయింది. నేను కాలు తిమ్మిరెక్కినా కదలకుండా ఫోన్ చేశాను.

"తిందా అండీ?" హలో కూడా అనలేదు.

"తింది."

"ఏం తింది?"

"కొర్ర."

అవతల గిర్రున తిరుగుతున్న ల్యాబు మిషనుని ఆపేసింది.

"ఏ కొర్రండీ?"

"మా కొర్ర."

సాయంత్రం ఆరుంపావుకి గేటు చప్పుడైంది. పిల్ల నా భుజం మీంచి అటు దూకేసింది, పగలంతా నేనెవరో తెలియనట్టు. పాలిస్తూ, తల నిమురుతూ, మా ఆవిడ దాని చెవి వెనక నుంచి ఒక గింజ తీసి వేలి మీద పెట్టుకుని దీపానికెదురుగా చూసింది. లేచి వెళ్ళి, కాగితం మీద "కొర్ర: నెగటివ్" అన్నచోట నెగటివ్ కొట్టేసి పాజిటివ్ అని దిద్దింది.

అప్పుడే మా అత్తగారి ఫోన్. స్పీకర్‌లో పెట్టాను. ఏం తిందో, ఎలా తిందో అంతా విన్నారు.

"చూశారా అండీ," అన్నారు, "నేను మొదట్నుంచీ చెబుతానే ఉన్నాను కదండీ, కొర్ర పెట్టమని!"