ముందు కింది వీధికి

మా అక్క గోపమ్మను ఎవరైనా "చాలా ఓర్పు గల మనిషి" అంటే నాకు కోపం వస్తుంది. ఆమె కర్మాంతరం రోజు కూడా ఇద్దరు ముగ్గురు అదే మాట అన్నారు. ఆమెకు ఓర్పు ఎక్కడిది? మొండి మనిషి. ఆ మొండితనం దెబ్బ మొదట తగిలింది మా ఇంటికే.

మొరప్పూర్ నుంచి బస్సులో అరగంట ప్రయాణం మా ఊరు. మేం మిట్ట మీద ఉన్న మీది వీధి వాళ్లం, తాతల కాలం నుంచీ ఇక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు వాళ్లం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఊరి చివర పల్లంలో ఉన్నది కింది వీధి. దళితులుండే ఆ వీధిని అందరూ కాలనీ అంటారు. అక్కడి ఆడా మగా తెల్లవారగానే కట్టడం పనులకు పోతారు. అక్క పెళ్లైన నాలుగేళ్లకే భర్తను పోగొట్టుకుని వచ్చి, మా ఇంటి వెనక రెండు గదుల్లో ఉంటూ పంచాయతీ క్లర్కుగా చేరింది. ఆమె కింద సిబ్బంది ఇద్దరే. నీళ్ల ట్యాంకు చూసుకునే వేడియప్పన్, వీధులు ఊడ్చే సెల్వరాణి. వాళ్లతో మాటలన్నీ తమిళంలోనే నడిచేవి. నాకు గుర్తున్నంత వరకు వాటిని తెలుగులో రాస్తున్నాను.

2017 జనవరి నుంచే నీళ్లకు కటకట మొదలైంది. ట్యాంకు రోజుకు ఒక్కసారి నిండితే గొప్ప. ఎన్నికలు జరగక ఊరికి ప్రెసిడెంటు కూడా లేడు. వేడియప్పన్ పొద్దున అయిదున్నరకు మా వీధి వాల్వు తెరిచేవాడు, తర్వాత నడిమి వీధిది. కింది వీధి వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది. మా వీధిలో ఇంటింటికీ సంపు ఉంది. అవన్నీ తాగగా మిగిలిన అడుగు నీళ్లు కిందికి పోయేవి. పెద్దలు అప్పటికే పనికి వెళ్లిపోయి ఉంటారు కనుక, బిందెలు పట్టడానికి ఇంటికొక ఆడపిల్ల ఆగిపోయేది.

పంచాయతీ ఆఫీసు పక్కనే బడి. పదిన్నర దాటాక తడిసిన యూనిఫారాలతో గేటు బయట నిలబడిన ఆడపిల్లలు అక్క కుర్చీలోంచి కనబడేవారు. వాళ్లలో సెల్వరాణి కూతురు నందిత ఒకతె. ఎనిమిదో తరగతి. లోపలికి రానిచ్చేసరికి లెక్కల క్లాసు అయిపోయేది. ఏప్రిల్‌లో పరీక్షలు.

ఒక సాయంత్రం అక్క తన సిబ్బంది ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"రేపటి నుంచి కింది వీధి ముందు. ఆ తర్వాత నడిమిది. మీది వీధి అన్నిటికన్నా చివర, ఎనిమిదికి."

వేడియప్పన్ నవ్వాడు. "తలకు పోసుకునేవాడు ఎవడైనా కాళ్ల నుంచి మొదలుపెడతాడా, క్లర్కమ్మా?"

"కాలు కాలినోడు తలకు పోసుకుంటాడా?"

"ఇరవై ఏండ్లుగా ఇట్లే కదమ్మా. ఎవరూ ఏమీ అనలేదే."

"అనేవాళ్లకు గొంతు ఎండిపోయిందిలే."

సెల్వరాణి నవ్వు ఆపుకోలేక చీపురు తీసుకుని బయటికి పోయింది.

మూడు రోజులు వేడియప్పన్ చెప్పినట్టే చేశాడు. నాలుగో రోజు మళ్లీ మా వీధే ముందు. అక్క అతన్ని తిట్టలేదు, మెమో ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే లేచి అతని వెనకాలే నడిచింది. అప్పుడు ఆమెకు అర్థమైంది, ఇన్నేళ్లూ మా కళ్లముందే ఉన్న సంగతి. వాల్వు తిప్పే కడ్డీ మా కొట్టంలో ఉండేది. నాలుగడుగుల ఇనుప కడ్డీ, పైన పట్టుకోవడానికి అడ్డపట్టీ. దానికోసం వేడియప్పన్ మొదట మా ఇంటికి రావాలి. వస్తే కాఫీ, ఒక్కోసారి ముద్ద సంగటి. తిన్న చోట వాల్వు తెరవకుండా కిందికి ఎట్లా పోతాడు? తప్పు అతనిది కాదు, కడ్డీ ఉన్న చోటుది.

ఆ రోజే అక్క కడ్డీని భుజాన వేసుకుని మీది వీధి నడుమన నడిచి, నడిమి వీధి దాటి, కింది వీధిలో సెల్వరాణి ఇంటి గోడకు ఆనించి వచ్చింది. మా ఇంటి ఆడపిల్ల ఇనుప కడ్డీ మోసుకుని కాలనీకి పోయిందని ఊరంతా గుప్పుమంది. పెద్దన్న చంద్రప్ప రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

కడ్డీ కోసం సెల్వరాణి గడప దగ్గరికి పోవడం వేడియప్పన్‌కు చిన్నతనంగా ఉండేది. దూరంగా నిలబడి "కడ్డీ!" అని కేకేసేవాడు. అక్క అయిదింటికే అక్కడికి చేరి, అరుగు మీద కూర్చుని సెల్వరాణి ఇచ్చిన కాఫీ తాగుతూ ఉండేది.

"అక్కడ నిలబడి అరిస్తే కడ్డీ నడిచి రాదు. వచ్చి తీసుకో," అనేది.

వారం గడిచాక అరుగు దాకా వచ్చాడు. ఇంకో వారానికి కాఫీ గ్లాసు అందుకున్నాడు. "చక్కెర ఎక్కువైంది," అని సణిగాడు కూడా. మర్నాటి నుంచి సెల్వరాణి చక్కెర తగ్గించింది. నందిత మొదటి గంటకే బడిలో ఉండసాగింది.

మార్చిలో మా ఇంట్లో పెద్దన్న మనవరాలికి చెవులు కుట్టే పండుగ వచ్చింది. మూడు వందల మందికి భోజనాలు. సంపు పొద్దున ఆరింటికి నిండాలి. ముందురోజు పెద్దన్న నన్ను పిలిచాడు.

"శరవణా, తెల్లారి పోయి కడ్డీ తీసుకురా. ఆ వేడియప్పన్‌ను కూడా వెనక కూర్చోబెట్టుకొని రా."

"అక్కకు చెప్పినావా అన్నా?"

"చెప్పేదేముంది? దానికి మాత్రం మనవరాలు కాదా?"

అయిదుంబావుకు మోపెడ్ మీద కింది వీధికి పోయాను. అరుగు మీద అక్క ఉంది. వేడియప్పన్ గొంతుక్కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. కుళాయి దగ్గర అప్పుడే ముప్పై బిందెలు వరసలో ఉన్నాయి.

"కడ్డీకి వచ్చినావా?" అంది అక్క, నేను నోరు తెరవకముందే.

"మూడు వందల మంది అక్కా. వంటవాళ్లు వచ్చి కూర్చున్నారు."

"అన్నను ట్యాంకర్ పిలిపించుకోమను. ఆయనకు ఒక్క ఫోను చాలు. వీళ్లు పిలిస్తే ఏ ట్యాంకర్ వస్తుంది?"

"ఒక్క రోజే కదక్కా."

"ఒక్క రోజని పోయిన కడ్డీనే ఇరవై ఏండ్లు మన కొట్టంలో పండుకున్నది. ఈ రోజు పోతే ఇంక రాదు." లేచి, కడ్డీని నా ముందు పెట్టింది. "నీకు కావాలంటే ఎత్తుకో. నేను అడ్డం రాను. వీళ్లందరి ముందర ఎత్తుకొని పో."

బిందెల వెనక ఆడవాళ్లు నా వైపు తిరిగారు. నేను కడ్డీ మీద చెయ్యి వేయలేకపోయాను. అంతలో ఫోను మోగింది. పెద్దన్న.

"ఏమిరా ఇంకా? ఆ వేడియప్పన్‌కు ఇయ్యి ఫోను."

ఇచ్చాను. పెద్దన్న గొంతు అందరికీ వినబడుతూనే ఉంది. "ఇరవై ఏండ్లు నా ఇంట్లో తిన్నావు కదరా!"

వేడియప్పన్ అక్క వైపు చూశాడు. ఆమె బిందెల వరస చూస్తోంది. కాసేపు చెవి గోక్కున్నాడు.

"తిన్నాను అయ్యా, లేదనలేదు. ఎనిమిదికి వస్తాను. అప్పుడు కూడా తింటాను," అని ఫోను నా చేతిలో పెట్టి, కడ్డీ తీసుకుని వాల్వు గుంటలోకి దిగాడు.

పెద్దన్న ట్యాంకర్ పిలిపించాడు. పండుగ ఏమీ ఆగలేదు. అక్కను మాత్రం ఎవరూ భోజనానికి పిలవలేదు. పన్నెండున్నరకు ఆమె తానే వచ్చి, బంతిలో మొదటి ఆకు ముందు కూర్చుంది. బంధువులందరి ఎదుట పెద్దన్న అన్నాడు:

"ఇంటికి నీళ్లియ్యని దానికి ఇంట్లో కూడు కావాల్నా?"

"నీళ్లు ఎనిమిదికి వచ్చినాయి కదన్నా. నేను పన్నెండున్నరకు వచ్చినాను." వడ్డించేవాడి వైపు తిరిగింది. "పులుసు ఇంకొంచెం పొయ్యి. ముక్కలతో."

మొదట నవ్వింది మా వదినే.

పెద్దన్న ఊరుకోలేదు. మీది వీధి వాళ్లందరి చేత సంతకాలు పెట్టించి యూనియన్ ఆఫీసుకు, అంటే ఇక్కడి మండలాఫీసుకు, అర్జీ ఇచ్చాడు. జూన్‌లో అక్కకు బదిలీ ఉత్తర్వు వచ్చింది, యూనియన్ చివరన ఉన్న పంచాయతీకి. రెండు బస్సులు మారాలి. ఆమె కాగితం చదివి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "అక్కడ కూడా వీధులుంటాయి," అంది, అంతే.

ఆమె స్థానంలో వచ్చిన యువరాజ్ పాతికేళ్లవాడు. చేరిన రోజే పెద్దన్న ఇంటికి వచ్చి కాఫీ తాగి పోయాడు. మర్నాడు ఆఫీసులో వేడియప్పన్‌ను పిలిచి, కడ్డీని మా కొట్టానికి చేర్చమని, పాత పద్ధతిలో తెరవమని చెప్పాడు. ఇంటిపన్ను రసీదు కోసం పోయి నేనూ అక్కడే ఉన్నాను.

వేడియప్పన్ చేతులు కట్టుకుని వినయంగానే నిలబడ్డాడు. "సరి సార్. రాసియ్యండి."

"ఏమి రాసేది?"

"ఏ వీధికి ముందు, ఏ వీధికి చివర, ఎందుకు అట్ల. కింద మీ సంతకం, ముద్ర. అట్లే తెరుస్తాను."

"నోటితో చెప్తే చాలదా?"

"నోటి మాట ఈ చెవిలో పడితే ఆ చెవిలో పోతుంది సార్. వయసు అయిపోయింది," అన్నాడు వేడియప్పన్. గుమ్మం దగ్గర ఊడుస్తున్న సెల్వరాణి చీపురు ఆపి, "ఒక కాపీ నాకు కూడా సార్. మా వీధిలో అంటిస్తాను," అంది.

యువరాజ్ పెన్ను తీశాడు. ఆ రెండు వీధుల పేర్లూ, వాటిలో ఎవరెవరుంటారో ఒకే కాగితం మీద రాస్తే ఎట్లా ఉంటుందో అతనికీ తెలిసినట్టుంది. మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేసి అంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"రాసియ్యమన్నాడా? వేడియప్పనా?"

"అవునక్కా. నువ్వు నేర్పించిందే కదా?"

"లేదురా. ఆ మాట నాకే తోచలేదు," అంది, కొంచెం ఈర్ష్యగానే.

అక్క చనిపోయి ఎనిమిది నెలలైంది. వేడియప్పన్ రిటైరయ్యాడు. ఇప్పుడు వాల్వులు తెరిచేది అతని తమ్ముడి కొడుకు. కింది వీధికి నీళ్లు అయిదున్నరకు, మాకు ఎనిమిదికి. ఎనిమిది దాకా కుళాయి దగ్గర కూర్చుని పెద్దన్న ఈనాటికీ ఆమెను తిడుతూనే ఉంటాడు. తిట్టనీ.