కొనని పూల బతుకమ్మ

మా గల్లీలో ఎవరి గొప్ప వారిది. ఒకరికి కొత్త బుల్లెట్ బండి, ఇంకొకరికి ఇంజినీరు అల్లుడు. మా ఇంటి ఓనరు రుక్మిణమ్మకు మాత్రం ఒకటే గొప్ప. ఆమె పేర్చే బతుకమ్మలో కొన్న పువ్వు ఒక్కటి కూడా ఉండదు.

మా బస్తీ జహనుమాలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఇక్కడ నేలంటే బండ. గడ్డపార వేస్తే నిప్పులు రాలతాయి గానీ మన్ను రాదు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఎండాకాలంలో అదీ దాని ఇష్టం. అలాంటిచోట ఆమె డాబా నిండా తోట పెంచింది. ఆ డాబా కింద కిరాయికి ఉండేది నేను, సామ్యూల్, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది చర్చికి పోయే ఇల్లు, బతుకమ్మ ఎత్తం. అయినా ఆ తోట గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఎవరికీ లేదు. ఆ తోటకు పోసిన నీళ్లలో సగం నా నెత్తి మీదే పడ్డాయి మరి.

"అక్కా, మళ్ల కారుతుంది!" అని కింద నుంచి అరిస్తే, "మంచిగైంది, నీ నెత్తి సల్లవడ్తది తమ్మీ!" అని పైనుంచి జవాబు.

రుక్మిణమ్మది పాలమూరు దిక్కు పల్లె. పెళ్లై ఇక్కడికి వచ్చిన మొదట్లో పెనిమిటి బతుకమ్మకని మార్కెట్ నుంచి గునుగు పూల కట్ట కొనుక్కొస్తే ఆమె ఆ పూట అన్నం ముట్టలేదట. చేను గట్టు మీద కాళ్లకు అడ్డం పడే గునుగును డబ్బిచ్చి కొనడమా అని! "గునుగును గూడ కొంటరా తమ్మీ ఎవలన్న? గిట్లనే పోతే రేపు గాలిని గూడ కొంటరు" అని ఇప్పటికీ అంటుంది. మరుసటి ఏడే పుట్టింటి నుంచి గుప్పెడు గునుగు గింజలు, ఒక తంగేడు మొక్క తెచ్చుకుంది. ఆ పెనిమిటి పోయాడు. సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తూ కొడుకు కొండల్‌ను పెంచింది, తోటనూ పెంచింది. పసిపిల్లల్ని ఎత్తిన చేతులు కదా, మొక్కనూ అట్లాగే ఎత్తుతుంది, మెడ కింద చెయ్యి పెట్టి.

ఎండాకాలం ఆమె తోటను చూడాలి. డాబా పెనంలా కాలుతుంటే పాత నేతచీరలన్నీ పందిరిలా కట్టేస్తుంది. పగిలిన కూలరు డబ్బాలో బంతి, పెయింటు బకెట్లలో వంకాయ, అడుగు ఊడిన నీళ్ల డ్రమ్ములో తంగేడు. ప్రతి కుదురు మీదా పల్లీ పొట్టు కప్పుతుంది, తడి ఆరకుండా. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, ఒక్క చుక్క మోరీలో పోనివ్వదు. చలికాలం వచ్చిందంటే చిక్కుడు తీగ నా కిటికీ దాకా దిగుతుంది. అందినంత కోసుకుంటాను, అడగను. నెత్తి మీద పడిన నీళ్లకు అది కిరాయి.

మా మధ్య లొల్లి ఒకటే. డాబా నీళ్లు పోయే పైపు నా బాత్రూం వెనక, గోడకూ బండకూ మధ్య ఉన్న సందులో పడుతుంది. వాన పడితే చాలు, ఆ సందులో పిచ్చిగడ్డి లేస్తుంది. "నీ పైపు, నీ గడ్డి, నువ్వే పీకించు" అని నేను. "నీ బాత్రూం ఎనక నాకేం పని? నువ్వే పీక్కో" అని ఆమె. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆ సందులోకి రాలేదు. మాట పోతుందని నేను చెయ్యి పెట్టను, అటు తొంగి కూడా చూడను. ఏళ్లుగా ఇదే సంగతి.

నిరుడు శ్రావణంలో చెల్లెలి కోడలి పురుడుకని రుక్మిణమ్మ ఊరికి పోయింది. ఇంట్లో కోడలు పూజిత ఉంది. మలక్‌పేట అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల, మనసు వెన్న. పెళ్లైన ఏడు బతుకమ్మకు పుట్టింట్లోనే ఉంది. ఈసారి అత్తింట్లో మొదటి బతుకమ్మ అని, అత్త వచ్చేసరికి తోట తళతళలాడాలని, కుండీలన్నీ శుభ్రం చేసింది. మోకాలెత్తు పెరిగిన కలుపంతా పీకి చెత్త ఆటోలో వేసింది. ఖాళీ అయిన చోట గులాబీలు కొని తెచ్చి పెట్టింది.

రుక్మిణమ్మ వచ్చి డాబా ఎక్కింది. వెనకాలే పూజిత, నేనూ ఎక్కాం.

"గునుగేది బిడ్డా?" అంది మెల్లగా.

"గునుగా? అదింకా పూయలే కదా అత్తమ్మా" అంది పూజిత. తర్వాత అత్త చూపు కుండీల మీద పడటం చూసి మొహం తెల్లబోయింది. "గడ్డి అనుకున్న అత్తమ్మా. మా దిక్కు మార్కెట్ల గులాబిరంగుది, పచ్చరంగుది అమ్ముతరు. మొక్క ఎట్లుంటదో నేనెన్నడు సూడలే."

తెల్లటి గునుగుకు రంగు అద్ది అమ్ముతారని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

రుక్మిణమ్మ తిట్టలేదు. తిడితేనే బాగుండేది. "నీ తప్పేముంది బిడ్డా" అని తంగేడు డ్రమ్ము పక్కన కూర్చుంది. "ఇప్పుడు గింజేస్తే దీపావళికి పూస్తది. తంగేడు, బంతి ఉన్నా గునుగు లేంది బతుకమ్మ నిలవడది. కొన్నదానితోని పేర్సుడు నాతోని గాదు. ఈసారి ఎత్తను."

గల్లీ అంతా గుప్పుమంది, రుక్మిణమ్మ ఈసారి బతుకమ్మ ఎత్తడం లేదని. పూజిత మొహం చూడలేకపోయేవాణ్ణి. నా కోపం ఎవరి మీదో నాకే తెలియదు, ఊరికే తలుపులు దభీమని వేసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ ఇంటి గొప్ప పోతుంటే నా సొంత గొప్ప పోతున్నట్టే ఉండింది.

పండుగ మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా పెద్ద వాన పడి పైపు మూసుకుపోయింది. బాత్రూంలోకి నీళ్లు ఎదురు తన్నాయి. ఆమెను తిట్టుకుంటూ కట్టె పట్టుకుని సందులోకి దిగాను. దిగి, నిలబడిపోయాను. నా నడుమెత్తున, బండ పొడుగునా, తెల్లటి కంకులు. కొసన లేత గులాబి. ఎన్ని ఏళ్ల గింజలో, డాబా మీద నుంచి నీళ్లతో కొట్టుకొచ్చి ఇక్కడ పడ్డాయి. నేను పీకనని మొండికేసిన గడ్డి ఇదే.

"అక్కా!" అని నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు. పూజిత చెయ్యి పట్టుకుని రుక్మిణమ్మ సందు మొదట్లోకి వచ్చింది. మోకాళ్ల మాటే మరచి రెండడుగులు లోపలికి దిగింది. ఒక కంకిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "సూడు బిడ్డా, గిది గునుగు" అంది కోడలితో. కళ్లు తుడుచుకుంది, ఎవరు చూస్తే ఏమని.

ఏటా అద్దినట్టు ఈసారి గునుగుకు రంగు అద్దనివ్వలేదు పూజిత. తెల్లదే ఉండాలంది. ఆఖరి రోజు, సద్దుల నాడు గునుగు వరసలు, మధ్యలో తంగేడు, బంతి, పైన గుమ్మడి పువ్వు, మనిషి నడుము దాకా వచ్చింది బతుకమ్మ. నెత్తిన పెట్టుకుని పూజితే గల్లీలోకి తెచ్చింది. ఆడవాళ్లంతా మూగారు. ఏటా అడిగేదే అడిగారు, ఈసారి కాస్త వెటకారంగా: "పూలెక్కడియి రుక్మిణక్కా?"

ఏటా చెప్పే జవాబు నాకు నోటికొచ్చు. "నా తోటయి" అంటుంది, తల ఎత్తి.

ఆమె తల ఎత్తింది. గడపలో నిలబడ్డ నా వైపు చెయ్యి చూపింది. "మా సామ్యూల్ తోటయి" అంది.

నేను బతుకులో ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు. కానీ కాదనలేదు. అందరూ నావైపు చూస్తుంటే చొక్కా సర్దుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను. ఇప్పుడు ఆ సందులోకి ఎవరైనా గడ్డపారతో రావాలంటే ముందు నాతో మాట్లాడాలి.