ఆటిజం పరీక్షకు అమ్మతో వెళ్లాను

లాక్‌డౌన్ తర్వాత కాలేజీ మళ్లీ తెరిచిన రోజున నా మాట పోయింది. గొంతు బాగానే ఉంది, జలుబు కూడా లేదు. క్లాసులో అందరూ ఒకరినొకరు చూసి కేకలు పెడుతున్నారు, బెంచీలు లాగుతున్నారు, పైన ఫ్యాన్ కిర్రుమంటోంది. ప్రొఫెసర్ నా పేరు అడిగారు. నోరు తెరిచాను, మాట రాలేదు. స్నేహితురాలు హేతల్ గుజరాతీలో "షూ థయూ?" అంటూ భుజం పట్టుకుని కుదిపింది. ఏమైందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి! మెట్ల కింద చెవులు మూసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి గానీ మాట తిరిగి రాలేదు.

మేం సూరత్‌లో, డిండోలిలో ఉంటాం. అమ్మానాన్నలు తెలంగాణ నుంచి మగ్గాల పని కోసం వచ్చారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. అప్పుడు బి.సి.ఎ. చివరి సంవత్సరం. నిజం చెప్పాలంటే లాక్‌డౌన్ నాకు పండగలా గడిచింది. మిల్లు మూతపడి నాన్న దిగులుగా ఉంటే, నేను కెమెరా ఆపేసి హాయిగా క్లాసులు విన్నాను. బయటికి వెళ్తే అందరికీ మాస్కులే. ముఖం ఎలా పెట్టుకోవాలా అన్న బెంగ లేదు.

కాలేజీ తెరిచాక ఆ బెంగ వడ్డీతో సహా వచ్చింది. మాట పోవడం మామూలైపోయింది. మా వీధి డాక్టరు థైరాయిడ్, బి-ట్వెల్వ్ అన్నీ చేయించి, "రిపోర్టులన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకో బేటా" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం చీటీ మీద రాయలేదు. ప్రాక్టికల్ వైవాలో నోరు పెగలక ఫెయిలయ్యాను. మళ్లీ పెట్టే వైవా కూడా పోతే ఆ ఏడాదికి డిగ్రీ చేతికి రాదు.

"చదువు ఇడ్సిపెట్టు బిడ్డా. ఇంట్ల కూసోని చీరలకు రాళ్లు అతికియ్యి. పానం కంటె ఎక్కువనా?" అన్నాడు నాన్న. ప్రేమతోనే అన్నాడు. కానీ కంప్యూటరంత ఇష్టమైంది నాకు ఇంకేదీ లేదు.

హేతల్ పట్టుబట్టి ఒక ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్‌కు చూపించింది. యాంగ్జైటీకి మాత్రలిచ్చారు. నిద్ర కుదిరింది గానీ మాట పోతూనే ఉంది. తర్వాతి విజిట్‌లో ఆయన పెన్ను పక్కన పెట్టి, "అందరూ లాక్‌డౌన్ వల్ల కుంగిపోయి వస్తున్నారు. నువ్వు లాక్‌డౌన్ అయిపోయిందని కుంగిపోయి వచ్చావు. ఆటిజం గురించి విన్నావా?" అన్నారు. విన్నాను, అది చిన్నపిల్లల సంగతి అనుకున్నాను. ఆయన నన్ను క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు.

ఆ మేడమ్ పెట్టిన టెస్టులు నాకు ఎంత నచ్చాయంటే, అయిపోయాక ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఆమె నవ్వి, "ఇక డెవలప్‌మెంటల్ హిస్టరీ కావాలి. అమ్మను తీసుకురా" అన్నారు.

అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. ఆమెకు బజారుకు సరిపోయే హిందీ వచ్చుగానీ, ఇంత ముచ్చట చెప్పేంత రాదు. కాబట్టి అనువాదం నాదే. మేడమ్ నా చిన్నతనం గురించి అడగగానే అమ్మ అందుకుంది.

"సిన్నప్పటి సంది నలుగురిల కలిసే పిల్ల. ఎవ్వలొచ్చినా నవ్వుకుంట పలకరిస్తది. ఏది పెడితే అది తింటది."

నేను నోరెళ్లబెట్టాను. ఎవరీ అమ్మాయి? కానీ అనువాదం చేసేవాళ్లు సొంత మాట కలపకూడదన్నది నా నియమం. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేశాను. మేడమ్ అంతా రాసుకుని, "చిన్నప్పటి లక్షణాలేవీ కనిపించడం లేదు. ఇప్పుడే ఆటిజం అని రాయలేను" అన్నారు.

ఆటోలో కోపం ఆపుకోలేకపోయాను. "గట్లెందుకు చెప్పినవమ్మా?"

"పరాయోళ్లు ఆడపిల్ల గురించి అడిగితే ఇంకెట్ల చెప్తరే? మీ అక్క సంబంధమప్పుడు గూడ గిట్లనే చెప్పిన."

"ఆమె డాక్టరమ్మా!"

"డాక్టరైతే ఆమెకు కొడుకులుండరా ఏంది?"

అంత కోపంలోనూ పకపకా నవ్వాను. ఆటో అతను కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికెళ్లి మేడమ్‌కు జరిగిందంతా మెసేజ్ పెట్టి, ఇంకో సిట్టింగ్ అడిగాను.

ఈసారి అమ్మ కూర్చోగానే మేడమ్ చెప్పేశారు: "ఆంటీజీ, నాకు కొడుకుల్లేరు, ఇద్దరూ కూతుళ్లే. గొప్పలు విన్నాను. ఈ పిల్లతో మీ తల ప్రాణం తోకకొచ్చిన సంగతులు చెప్పండి."

అమ్మ కాసేపు కొంగు సర్దుకుంది. ఆ తర్వాత ఆగలేదు.

"మూడేండ్ల దాక మాట రాలే మేడమ్. వచ్చినంక టీవీల యాడ్సే మాట్లాడింది, అవి గూడ గుజరాతీల. పేరు వెట్టి పిలిస్తె చూడకపోతుండె. మగ్గాల కాడ దారం కండెలన్ని రంగుల వారీగ పేర్చేది, ఎవ్వలన్న ఒకటి తీస్తే ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్సేది. బతుకమ్మకు తీస్కపోతే చప్పట్లకు చెవులు మూసుకునేది. చుట్టాలొస్తే పక్కింట్ల కూసోవెట్టి, ఆడనే పండుకున్నదని చెప్తుంటి."

చెబుతూ చెబుతూ నా వైపు తిరిగింది. "ఎవ్వలన్న ఏమన్న అంటరని నేనే అన్ని కప్పిపెట్టిన. నన్ను చూసే ఈ పిల్ల గూడ కప్పిపెట్టుడు నేర్సుకున్నది."

ఈ మాట అనువదిస్తూ మొదటిసారి నియమం తప్పి, "ఇది నిజం" అని నా మాట కలిపాను. "దీన్నే మాస్కింగ్ అంటాం. దానికే నీ ఓపికంతా అయిపోతోంది" అన్నారు మేడమ్.

రిపోర్టులో ఆటిజం స్పెక్ట్రమ్, లెవల్ వన్ అని వచ్చింది. ఇది రోగం కాదని, తగ్గించే మందు లేదని, మాట పోయే ముందు వచ్చే గుర్తులు పట్టుకుని పక్కకు వెళ్లడం నేర్చుకోవాలని చెప్పారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అందరూ అనుకున్నట్టు నేను పొగరుబోతును కాదు, మొద్దును కాదు! బయటికొచ్చి అమ్మా నేనూ వేడి వేడిగా శనగపిండి లోచో తిన్నాం. ఇంట్లో నాన్నకు లక్షణాలన్నీ చదివి వినిపిస్తే, "గివన్ని నాకు గూడ ఉన్నయి గద! గిదేం జబ్బు?" అని కొట్టిపారేశాడు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

రిపోర్టు చూసి కాలేజీవాళ్లు వేరే గదిలో, ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి వైవా పెట్టారు. పాసయ్యాను.

ఇప్పుడు సూరత్‌లోనే ఖటోదరాలో ఒక చిన్న ఆఫీసులో బట్టల వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, చెవులకు హెడ్‌ఫోన్లతో. మాట ఇప్పటికీ అప్పుడప్పుడు పోతుంది. పోయినప్పుడు ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తాను. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ గుమ్మంలోనే, "మా పిల్లకు లొల్లి పడది, జర మెల్లగ మాట్లాడున్రి" అంటోంది.

మీలో ఎవరైనా ఈ పరీక్షకు వెళ్తుంటే ఒక్క మాట. ఇంటి పెద్దలను వెంట తీసుకెళ్లే ముందు, మన గొప్పలు వద్దని, మనం వాళ్లను ఏడిపించిన సంగతులే చెప్పమని ఇంట్లోనే నచ్చజెప్పండి. భాష రాకపోతే అనువాదానికి బయటివాళ్లను పెట్టుకోవడం మంచిదంటారు. మంచిదే కావచ్చు. నేనైతే ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వను. అమ్మ నన్ను చిన్నప్పటి నుంచి ఎంతగా గమనించిందో ఆ రోజు ఒక్కో మాటా నా నోటితో నేనే పలికాను.