మెషిను కట్టిన రోజు

జుల్మీరా భర్త అవెలీనో పోయి రెండేళ్ళయింది. అతను పోవడానికి పందొమ్మిది రోజుల ముందు నగరం డాక్టర్లు తీసిన కాగితంలో గుండె నడక బాగానే ఉందని రాసి ఉంది. ఆ కాగితాన్ని ఆమె పారెయ్యలేదు. తీసి చూడనూ లేదు. దుప్పట్ల పెట్టెలో అడుగున పడి ఉంది, అంతే.

వాళ్ళ ఊరు లగోవా సెకలో ఒకప్పుడు అన్నీ మట్టిగోడల ఇళ్ళే. ఆ గోడల బీటల్లో ఒక పురుగు ఉండేది. పిల్లలు నిద్రపోతుంటే మొహం మీద కుట్టేది. తెల్లారి కన్ను వాచేది, రెండు రోజుల్లో తగ్గేది, అందరూ మర్చిపోయేవాళ్ళు. మనిషి మర్చిపోయినా గుండె మర్చిపోదు. ఆ పురుగు వల్ల ఒంట్లోకి దిగిన జబ్బు నలభై దాటాక బయటపడుతుంది. కొందరు కాళ్ళకి నీరు పట్టి, ఆయాసం వచ్చి, నెమ్మదిగా మంచానికి అతుక్కుంటారు. కొందరు అలా కాదు. చేతిలో చెంచా ఉండగానే, గుర్రం మీద ఉండగానే, మాట సగంలో ఉండగానే పోతారు. అలాంటి వాళ్ళని ఆ ఊళ్ళో చనిపోయాడు అనరు. పడిపోయాడు అంటారు. ఆ మాట వింటే చాలు, ఎలాగో ఎవరూ అడగరు.

ఎవరు పడిపోతారో ముందే కనిపెట్టొచ్చా అని డాక్టర్లు పదకొండేళ్ళుగా ఆ ఊరి చుట్టూ తిరుగుతున్నారు. రక్తం తీస్తారు, ప్రశ్నలు అడుగుతారు, రెండేళ్ళకోసారి ఒక రోజంతా ఒంటికి మెషిను కడతారు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. అయిదు తీగలు, ఛాతీ మీద అయిదు అంటింపులు. ఏ గంటకి ఏం చేశారో రాయడానికి ఒక కాగితం ఇస్తారు. గుండెలో తేడాగా అనిపిస్తే నొక్కడానికి ఒక బొత్తాం. తెచ్చేది ఆరోగ్య కేంద్రంలో పనిచేసే క్లెయిజి. మోటారుసైకిల్ మీద వస్తుంది, కట్టిన ప్రతిసారీ అదే మాట చెబుతుంది. "రోజూ చేసే పనులే చెయ్యండి."

అందరూ తలూపుతారు. ఒక్కరూ చెయ్యరు.

డాక్టర్ల సొత్తు గుండెకి అతుక్కుని ఉంటే ఎవరు మట్టిలోకి దిగుతారు? ముందురోజే తలంటుకుంటారు. చర్చికి వేసుకెళ్ళే చొక్కా తొడుక్కుంటారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ వాకిట్లో వేస్తారు. ఇంటావిడ కోడిని కోసి బెండకాయలేసి వండుతుంది. దారిన పోయేవాళ్ళు గొంతు తగ్గించి పలకరిస్తారు. కాగితం మీద మాత్రం నగరం డాక్టరమ్మకి నచ్చేలా రాస్తారు. విశ్రాంతి తీసుకున్నాను. భోజనం చేశాను. విశ్రాంతి తీసుకున్నాను.

అవెలీనో కూడా అలాగే కూర్చున్నాడు. అతను కూర్చునే మనిషి కాదు. పదింటికల్లా లేచి పార అందుకున్నాడు. "ఆ డబ్బాకి చెమట పట్టి పాడైతే మనం కొనిస్తామా? కూర్చో," అంది జుల్మీరా. అతను నవ్వి కూర్చుని, సాయంత్రం దాకా వచ్చేపోయేవాళ్ళకి గవర్నరు లాగా చెయ్యూపాడు. పందొమ్మిది రోజుల తర్వాత కర్రపెండలం పిండి వేయిస్తూ పెనం పక్కన పడిపోయాడు. ఎప్పుడూ వేషాలు వేసే మనిషి కదా, ఇదీ వేషమే అనుకుని ఆడవాళ్ళంతా నవ్వారు. జుల్మీరా కూడా నవ్వింది. కూర్చోబెట్టింది తనే అన్న సంగతీ, ఆ నవ్వు సంగతీ ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రెండేళ్ళూ ఆమె చేసిందేముంది. పొద్దున్నే లేచింది, పొయ్యి వెలిగించింది, కోళ్ళకి గింజలు వేసింది, చీకటి పడ్డాక పడుకుంది. ఎలా ఉన్నావంటే "ఉన్నాను" అనేది. ఒళ్ళంతా తడిసిన బట్టలా బరువుగా ఉండేది. పిండడానికి ఓపిక ఉండేది కాదు.

జూన్‌లో ఒక పొద్దున క్లెయిజి జుల్మీరా వాకిట్లో బండి ఆపి చెప్పింది. "అక్కా, ఇవాళ మీ మరిదికి కట్టి వచ్చాను."

మరిది జెనేజియో, అవెలీనో తమ్ముడు. యాభై ఒకటి. ఈస్టర్ దాటాక అతను రెండుసార్లు కంచె పట్టుకుని కళ్ళు మూసుకోవడం జుల్మీరా కళ్ళారా చూసింది. అడిగితే ఎండ అన్నాడు. ఒకసారి నిజమే, ఎండగా ఉంది. రెండోసారి మబ్బు పట్టి ఉంది.

ఆమె గరిట పక్కన పెట్టి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, వాళ్ళింటికి నడిచింది.

జెనేజియో వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. తెల్లచొక్కా, దువ్విన తల, మోకాళ్ళ మీద చేతులు.

"ఏంటి మరిదీ, పెళ్ళికొడుకులా కూర్చున్నావు?"

"రా వదినా. ఇవాళ మర్యాదలన్నీ నాకే. ఇల్జా, వదినకి కాఫీ."

లోపల పొయ్యి దగ్గర అతని భార్య ఇల్జా గిన్నె కదిపింది.

"కాఫీ వద్దు. ఇవాళ మీ పిండి వేయించే రోజు కదా. పెనం దగ్గరెవరున్నారు?"

"బెర్నార్దినో. వాడు వేయిస్తే సగం మాడుద్ది, సగం పచ్చిగా ఉంటుంది. ఏం చేస్తాం, మెషిను మీదున్నాను."

"నువ్వు మెషిను మీద లేవు, అదే నీ మీదుంది. లే. చొక్కా మార్చుకుని పెనం దగ్గరికి పద."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"నీకేమైనా పిచ్చా వదినా? పైవారం కాఫీ తోటలకి కూలీల బస్సు కదులుద్ది. మేస్త్రీకి ఆరోగ్య కేంద్రం చీటీ చూపించాలి. గుండె జబ్బోడిని ఎక్కించుకోడు. కాగితం శుభ్రంగా రావాలి నాకు."

"మీ అన్నకీ శుభ్రంగానే వచ్చింది."

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఇల్జా గుమ్మంలోకి వచ్చి చేతులు గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది.

"పని చేస్తుంటే ఏమన్నా అయితే ఎలా అక్కా?" అంది.

"ఎల్లుండి మెషిను లేకుండా అదే పెనం దగ్గర నిలబడతాడుగా. తోటల్లో బస్తాలు మోస్తాడుగా. అప్పుడైతే ఎలా?" జుల్మీరా గోడకి ఆనుకుంది. మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. "ఆయన ఆ రోజు పొలానికి పోతానన్నాడు ఇల్జా. నేనే కూర్చోబెట్టాను. కూర్చున్న మనిషి గుండె కూర్చున్నట్టే కొట్టుకుంది. దాన్నే రాసుకెళ్ళారు."

జెనేజియో చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. "నువ్వు వదినవా, మేస్త్రీవా," అని గొణుక్కుంటూ లోపలికెళ్ళి పాత చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇల్జా తీగల్ని లోపలికి సర్ది, డబ్బాని తన తలగుడ్డతో నడుముకి బిగించి కట్టింది.

ఊరి ఉమ్మడి పిండి కొట్టంలో ఒక పక్క ఆడవాళ్ళు దుంపలు చెక్కుతున్నారు. మధ్యలో మట్టి పొయ్యి, దాని మీద మంచమంత పెనం. పిండి మాడకుండా పొడవాటి కర్రకి బిగించిన చెక్కతో ముందుకీ వెనక్కీ తోస్తూనే ఉండాలి. చెయ్యి ఆగకూడదు. రెండేళ్ళుగా జుల్మీరా ఆ గడప తొక్కలేదు. తొక్కేటప్పుడు ఎడం కాలా, కుడి కాలా అని కూడా ఆలోచించలేదు, అంత అలసటగా ఉంది.

"ఏంటయ్యా, డాక్టర్లు తరిమేశారా?" అన్నాడు బెర్నార్దినో.

"మా వదిన తరిమింది. ఇటివ్వు. ఇది పిండా, బొగ్గా?"

జుల్మీరా బస్తాల దగ్గర కూర్చుని, గంటల కాగితం మోకాలి మీద పరుచుకుంది. ఆమె రెండో తరగతి దాకా చదివింది. పెన్సిలు పట్టుకుంటే అక్షరాలు తాగినవాళ్ళలా తూలతాయి. తొమ్మిదిన్నర. పిండి తోస్తున్నాడు. పది. తోస్తున్నాడు. నీళ్ళు తాగాడు.

"చూశారా, జుల్మీరా గుమాస్తా అయింది," అంది చెక్కేవాళ్ళలో పెద్దావిడ. "మా పేర్లు కూడా రాసుకో తల్లీ. అరవై ఏళ్ళుగా దుంపలు చెక్కుతున్నారని రాయి. మాకెవరూ మెషిన్లు కట్టరు."

"నీ గుండెకి మెషిను కడితే మెషినే పడిపోద్ది," అన్నాడు బెర్నార్దినో. అందరూ నవ్వారు. జుల్మీరాకి ఆ నవ్వు వినబుద్ధి కాలేదు. పెన్సిలు గట్టిగా పట్టుకుంది.

పదకొండు దాటింది. జెనేజియో ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అది ఆగింది. ఆమె తలెత్తి చూసింది. చెక్క ఇంకా కదులుతోంది. మొహం మాత్రం పిండి రంగుకి తిరిగింది. తర్వాత చెక్క కూడా ఆగింది. అతను పక్కనున్న గుంజ పట్టుకున్నాడు.

ఆమె ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. బస్తాలు దాటి అతని చంక కింద చెయ్యి వేసింది.

"బొత్తాం నొక్కు."

అతను తల అడ్డంగా ఊపాడు. మాట సన్నగా వచ్చింది. "వద్దొదినా. బస్సు."

ఆమె అతని చొక్కా ఎత్తి, తలగుడ్డ పక్కకి లాగి, తనే నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

బెర్నార్దినో, ఆమె కలిసి అతన్ని బస్తాల మీద పడుకోబెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకావిడ ఇల్జా కోసం పరుగెత్తింది. నాలుగైదు ఊపిర్లలో అతని పెదాలకి రంగొచ్చింది. కళ్ళు తెరిచి కొట్టం కప్పు చూస్తూ, "నొక్కావు కదా," అన్నాడు.

"నొక్కాను."

అతను గోడవైపు తిరిగాడు. ఇల్జా పరుగున వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. బెర్నార్దినో క్లెయిజి కోసం పోయాడు. పెనం మీద పిండి మాడు వాసన వేస్తోంది, అది ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి. జుల్మీరా వెళ్ళి కర్ర అందుకుంది. ఏ పెనం పక్కన అవెలీనో పడ్డాడో ఆ పెనమే. ముందుకి తోసింది, వెనక్కి లాగింది. చేతులు లాగుతున్నా ఆపలేదు. క్లెయిజి వచ్చి అతన్ని బండి మీద కాదని పంచాయతీ కారులో కేంద్రానికి తీసుకెళ్ళేదాకా తోస్తూనే ఉంది. తర్వాత ఎవరో కర్ర తీసుకుంటే, కాగితం వెతుక్కుని రాసింది. పదకొండుంబావు. గుంజ పట్టుకున్నాడు. నేను నొక్కాను.

మర్నాడు మెషిను విప్పి నగరానికి పంపారు. నాలుగో రోజున క్లెయిజి వచ్చి జుల్మీరా గుమ్మం మెట్టు మీద కూలబడింది. హెల్మెట్ కూడా తియ్యలేదు.

"డాక్టరమ్మ ఫోన్ చేసిందక్కా. గుంజ పట్టుకున్నాడని రాశావే, సరిగ్గా అక్కడ గుండె పగ్గాలు తెంపుకుని పరుగెత్తింది. పరుగెత్తి, దానంతటదే నిలబడింది. మళ్ళీసారి నిలబడకపోవచ్చు. నగరంలో చేర్చుకుంటామన్నారు. చర్మం కింద ఒక పెట్టె పెడతారు. గుండె ఆగబోతే లోపల్నించే కొట్టి లేపుద్ది."

"నేను నొక్కబట్టేనా?"

"నొక్కకపోయినా అంతా మెషినులో ఎక్కుద్దక్కా. నొక్కితే వాళ్ళకి వెతుక్కోవడం తేలికవుద్ది, అంతే." క్లెయిజి హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకోటి అడగమంది. మీ ఊరి కాగితాలన్నిట్లో విశ్రాంతి, విశ్రాంతి అని ఉంటుంది. ఈ ఒక్కదాంట్లోనే తోస్తున్నాడు, తోస్తున్నాడు అని ఉంది. ఎందుకని?"

జుల్మీరా చెప్పింది. మంచి కుర్చీ, తెల్లచొక్కా, బెండకాయల కోడికూర, అన్నీ చెప్పింది. తనే అవెలీనోని కూర్చోమందని చెప్పింది. నవ్వానని కూడా చెప్పింది. అది చెప్పాలని అనుకోలేదు, వెనకాలే వచ్చేసింది.

క్లెయిజి ఆమె వైపు తిరిగింది. "పదకొండేళ్ళుగానా?"

"అందరమూ."

"ఈ ఊరి గుండెలు ఇంత నెమ్మదేంటి, అయినా ఇంతమంది ఎలా పడిపోతున్నారని డాక్టరమ్మ తల పట్టుకునేది." క్లెయిజి మొహం రుద్దుకుంది. "నేను వచ్చినప్పుడు చూస్తూనే ఉన్నాను కదా కుర్చీల్లో. మర్యాద అనుకున్నాను. కోడికూర నేనూ తిన్నాను. ఇప్పుడు నలభై ఇళ్ళూ మళ్ళీ మొదట్నించి తిరగాలి."

"మీ ఆయన సంగతి రాసుకోనా?" అని వెళ్ళబోతూ అడిగింది.

"రాసుకో."

చెబితే బరువు దిగుతుందంటారు. జుల్మీరాకి దిగినట్టేం అనిపించలేదు. ఆ రోజు ఎనిమిదింటికే పడుకుంది.

కాఫీ తోటల బస్సు జెనేజియో లేకుండానే కదిలింది. అతను నగరానికి పోయాడు, పెట్టె పెట్టించుకుని వచ్చాడు. వదినతో మాట్లాడడం మానేశాడు. నొక్కకపోయినా దొరికేదని క్లెయిజి చెప్పినా వినలేదు. "నొక్కింది కదా," అన్నాడట. ఇల్జా మాత్రం సంచిలో పిండి పోసి పంపింది.

ఆరు వారాలు గడిచాయి. జెనేజియోని ఎడం చెయ్యి భుజం పైకి ఎత్తొద్దన్నారు కాబట్టి మిగిలిన దుంపలు ఇల్జా ఒక్కతే తవ్వి తెచ్చింది. జుల్మీరా పిలవకుండానే వెళ్ళి, ఇల్జా పక్కన పీట వేసుకుని చెక్కడం మొదలుపెట్టింది. అతను గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. పాత చొక్కాలో, ఎడమవైపు మెడ ఎముక కింద ఎత్తుగా కనిపిస్తోంది. ఆమె అటు చూడలేదు. గంట గడిచింది. బుట్ట సగం నిండింది.

"తొక్క మందంగా తీస్తున్నావు," అన్నాడు జెనేజియో.

ఇల్జా చెయ్యి ఆగింది. జుల్మీరా చెయ్యి ఆగలేదు.

"కత్తి మొద్దుబారింది," అంది.

"మొద్దుబారిన కత్తితో సగం దుంప పందులకే పోద్ది. ఇటియ్యి."

ఆమె లేచి కత్తి ఇచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను సానరాయిని రెండు మోకాళ్ళ మధ్య బిగించుకుని, కుడి చేత్తో నూరడం మొదలుపెట్టాడు.