మామ పడవ మాయమైన ఫొటో

ఆ రోజుల్లో, అంటే మొదటి కెమెరా నా చేతికొచ్చిన కొత్తలో, వెనకాల ఉన్నదంతా మసకైపోతేనే అది ఫొటో అని నా గట్టి నమ్మకం. లెన్సుకున్న నంబర్లలో అన్నిటికంటే చిన్నది పెట్టి, మా మందారాన్నీ, పక్కింటి మేకపిల్లనీ, నిద్రపోతున్న నాన్ననీ (బొటనవేలు అద్భుతంగా వచ్చింది, నాన్న రాలేదు) తీసి తెగ మురిసిపోయేదాన్ని.

అలాంటి నన్ను నమ్మి, జువ్వలదిన్నెలో మా మేనమామ తన కొత్త పడవ మొదటిసారి చేపల వేటకు వెళ్లే రోజున ఫొటో తీయమని పిలిచాడు. ఏళ్ల తరబడి ఇతరుల పడవల్లో పనిచేసి సంపాదించుకున్న సొంత పడవ అది. బంతిపూల దండలు వేసిన ఆ నీలం పడవ ముందు మామని, ఆయనకు నాలుగడుగులు ముందు అత్తని నిలబెట్టి, అత్త మీద ఫోకస్ పెట్టి నొక్కాను. అత్త ముక్కుపుడక తళతళలాడింది. మామ పొగమంచులో నడిచొస్తున్నవాడిలా ఉన్నాడు. పడవ మాత్రం ఒలికిపోయిన సిరా. నా ప్రతిభకు నేనే పులకరించిపోయి పరుగున వెళ్లి చూపించాను. మామ కెమెరాను దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, చివరికి కళ్లజోడు తుడుచుకుని చూశాడు.

“పడవ యాడుంది పాపా?” అన్నాడు నెమ్మదిగా.

మసకలోనే అందమంతా ఉందని వివరించబోయాను. అత్త నా పక్షమే, తను ఫొటోలో ఇంత బాగా ఎన్నడూ పడలేదట.

“మీ అత్తని రోజూ చూస్తానే ఉండా. నాకు పడవ కావాల,” అన్నాడు మామ.

అప్పటికే పడవలోని వాళ్లు ఒడ్డుకు కట్టిన మోకు విప్పుతున్నారు. ఒకసారి వేటకు వెళ్లొస్తే ఆ పూలూ ఉండవు, ఆ కొత్త రంగు మెరుపూ ఉండదు. మామ వాళ్లను ఆగమన్నాడు. నేను నాకు కెమెరా పట్టడం నేర్పిన స్టూడియో అన్నకు ఫోన్ చేశాను. ఆయన నవ్వాపుకుని, నంబరు పెంచమనీ, బాగా వెనక్కి జరగమనీ, ఇద్దరినీ పడవకు ఆనించి నిలబెట్టమనీ చెప్పాడు. నిలబెట్టాను. నంబరు పెంచాను. వెనక్కి జరిగాను, ఇంకా జరిగాను, పడవ మొత్తం ఫ్రేములోకి వచ్చేసిందన్న సంబరంలో వలల కుప్పలో కూలబడ్డాను (కెమెరాని మాత్రం గాల్లోనే పట్టుకున్నాను). కాళ్లు వలలో చిక్కుకుని లేవలేక, నవ్వాగక, అక్కడి నుంచే నొక్కేశాను.

పడవ మీది పేరుతో సహా అన్నీ స్పష్టంగా వచ్చాయి. మామ, అత్త, పడవలోని వాళ్లు, అందరూ నన్ను చూసి పగలబడి నవ్వుతున్నారు. మామ ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ ఫొటోనే.

ఇప్పుడు ఏ నంబరు ఎప్పుడు పెట్టాలో నా వేళ్లకే తెలుసు. మొన్నొక పెళ్లిలో ఫొటో తీస్తూ, వెనక్కి జరుగుతూ మళ్లీ అలాగే పడ్డాను. ఒక్కరూ నవ్వలేదు. నలుగురు పరుగున వచ్చి లేపి, మోకాళ్లు ఎలా ఉన్నాయండీ అని అడిగారు.