జీపు బొడ్డు వెనక తీగ

నా మీద ఒక తీగ బరువుంది. చేత్తో పట్టుకుంటే దానికి బరువే ఉండదు. మూరెడు పొడవు, పైన ఎర్ర తొడుగు, లోపల సన్నటి రాగి. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు అసలే చెప్పలేదు. మీకు ఎందుకు చెబుతున్నానంటే మీరు నన్నెరగరు. పేరు కూడా రాయను. పిరికితనం అనుకోండి. కాదని నేనూ అనను.

డెబ్బైల నడిమి రోజులవి. అరకులో నాకు చిన్న షెడ్డు ఉండేది. బళ్ళకు కరెంటు పని చేసేవాణ్ణి. డైనమో, బ్యాటరీ, లైట్లు, హారను, ఏదైనా సరే. ఎస్.కోట నుంచి ఘాటు రోడ్డెక్కి వెళ్ళి అక్కడ స్థిరపడ్డాను. కొండమీద ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. చెయ్యి తిరిగిన మేస్త్రినని ఎవరైనా అంటే వద్దనేవాణ్ణి కాదు.

సన్యాసి కాఫీ తోటల ఆఫీసులో జీపు డ్రైవరు. నాకంటే పదేళ్ళు పెద్ద, మా వైపు మనిషే. చుట్టరికం లేకపోయినా మావా అనేవాణ్ణి. ఆ జీపుకి కాలి స్టార్టరు ఉండేది. ఎడమకాలితో క్లచ్చు నొక్కి పట్టి, కుడికాలితో నేలమీదున్న మీటను గట్టిగా తొక్కాలి. ఒకసారి ఘాటు మధ్యలో టైరు మారుస్తుంటే జాకీ జారి మావ కుడిపాదం నలిగింది. మానింది కానీ వేళ్ళలో సత్తువ రాలేదు. బండి నడపడానికి ఇబ్బంది లేదు, ఆ మీట తొక్కడమే గండం. సీటు అంచు పట్టుకుని సగం లేచి, ఒళ్ళు బరువంతా కాలిమీద వేసేవాడు. ఆఫీసరు కంటపడితే పనికిరాడని పక్కన పెడతారని భయం. డ్యాష్‌బోర్డు మీద పుష్ బటన్ పెట్టగలవా అని నన్నడిగాడు. కళ్ళు మూసుకుని పెట్టేస్తానన్నాను.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, విసుక్కోకండి. స్టార్టరుకు కరెంటు తీసుకెళ్ళే లావు తీగ మధ్యలో సోలినాయిడ్ అనే చిన్న డబ్బా పెడతాం. బొత్తం నొక్కితే ఆ డబ్బా టక్కున పలికి స్టార్టరు తిరుగుతుంది. బొత్తానికి ఒక సన్న తీగ కావాలి. ఆ తీగను తాళం పెట్టి తిప్పే స్విచ్చి దగ్గర నుంచి తెస్తే, తాళం తిప్పితేనే బొత్తం పని చేస్తుంది. నేరుగా బ్యాటరీ నుంచి తెస్తే తాళం ఉన్నా లేకపోయినా పని చేస్తుంది. తేడా అంతే. ఆ తీగ గురించే నేను చెబుతున్నది.

ఈ తేడా మావకూ తెలుసు. పాత కాలి స్టార్టరు తాళం లేకపోయినా తిరిగేదే. అందుకే బిగించే ముందు నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. కొండమీద బండి ఆపే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. హ్యాండ్ బ్రేకును ఎవరూ నమ్మరు. గేరులో వదిలేసి చక్రం వెనక రాయి పెడతారు. గేరులో ఉన్న బండికి స్టార్టరు తగిలితే చాలు, ఇంజను అందుకోకపోయినా ముందుకి దూకుతుంది. కాలి మీటైతే సీట్లో కూర్చున్నవాడే తొక్కాలి. బొత్తమైతే బయట నిలబడినవాడికీ అందుతుంది. సంతలో జనం చేతులు పెట్టరా అని మావ అనుమానం. తాళం మీదుగా తీగ తెస్తాను, తాళం బయటికి తీస్తే బొత్తం చచ్చినట్టే అని మాటిచ్చాను.

ఆ మాట తప్పాను. ఎందుకో వింటే నవ్వుతారు. తాళం వెనక ఉన్న స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి కాసేపు నాననిస్తే వచ్చేది. నేను ఆ పూట ఎస్.కోట వెళ్ళాలి. బస్సు కిక్కిరిసిపోతుంది, ముందుగా వెళ్తే కూర్చోడానికి సీటు దొరుకుతుంది. బ్యాటరీ నుంచి తీగ లాగేశాను. వచ్చే వారం మారుద్దాంలే అనుకున్నాను. మావకు ఆ మాట చెప్పలేదు. తాళం తిప్పి, బొత్తం నొక్కి, జీపు గుర్రుమంటే ఆయన మొహం వెలిగిపోయింది. నేను చల్లగా బస్సెక్కాను. కిటికీ పక్కన సీటే దొరికింది.

వచ్చే వారం వచ్చింది, పోయింది. మరచిపోయానని చెప్పుకుంటే కొంత బాగుండేది. మరచిపోలేదు. జీపు షెడ్డు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తీగ గుర్తొచ్చేది. పిలిచి ఆపితే, మొదట సరిగ్గా చెయ్యలేదని ఒప్పుకోవాలి. అదే నాకు చేతకాలేదు.

ఈలోగా ఆ బొత్తం డుంబ్రిగుడ సంతలో పెద్ద వేడుకైంది. కొండవాళ్ళు దానికి జీపు బొడ్డు అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది సుక్రి. ఆమె, ఆమె మొగుడు బుద్రు, వారం వారం అల్లం, కొండచీపుళ్ళు తెచ్చి అమ్మేవారు. మావ సీట్లో కూర్చుని, తాళం తిప్పి, క్లచ్చు నొక్కి పట్టుకుని, ఊఁ నొక్కండి అనేవాడు. ఎవరో ఒకరు వచ్చి నొక్కేవారు. జీపు నవ్వింది, జీపు నవ్వింది అని అందరూ నవ్వేవారు. ఇంజను చప్పుడుకి వాళ్ళ మాట అది. కాలు నలిగినప్పటి నుంచి మావ మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు సంతలో మావ ఎప్పటిలాగే జీపును గేరులో ఉంచి, వెనక చక్రానికి రాయి పెట్టి, తాళం తీసుకుని టీ తాగడానికి వెళ్ళాడు. జీపు ముందు చిన్న మట్టిగట్టు ఉంది. బుద్రు దానికి ఆనుకుని, జీపు నీడలో చీపుళ్ళు పరుచుకుని కూర్చున్నాడు. సుక్రికి సరదా పుట్టింది. జీపును నవ్వించి మొగుణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యాలనుకుంది. పక్క నుంచి చెయ్యి పెట్టి బొడ్డు నొక్కింది.

జీపు ఒక్క దూకు దూకింది. బుద్రు మోకాలు బంపరుకీ గట్టుకీ మధ్య పడింది.

మావే పరుగున వచ్చి, రాయి లాగేసి, బండి వెనక్కి తోయించి, బుద్రుని అదే జీపులో ఎక్కించుకుని అరకు ఆసుపత్రికి తెచ్చాడు. కాలు ఉంది కానీ మోకాలు మళ్ళీ వంగలేదు. మర్నాడు మధ్యాహ్నం విచారణ అన్నారు. ఈలోగా జీపును చూసి ఉంచమని ఆఫీసరు నా షెడ్డుకు పంపించారు. పొద్దున్నే వచ్చింది. నేను తలుపు దగ్గరగా వేశాను. తాళం వెనక స్క్రూ మీద కిరసనాయిలు పోశాను, నానింది, వచ్చింది. తీగ మార్చాను. పట్టుమని పావుగంట పట్టలేదు. ఆ పావుగంట పని చెయ్యడానికి మూడు వారాలు నాకు తీరిక లేకపోయింది.

ఆఫీసు ముందు అందరూ ఉన్నారు. ఆఫీసరు, హెడ్ కానిస్టేబులు, సన్యాసి మావ, మెట్ల మీద సుక్రి. తానే నొక్కానని సుక్రి దాచలేదు. ఇక తేలవలసింది ఒక్కటే, తాళం బండిలో ఉందా లేదా అని. చొక్కా బొత్తానికి దారంతో కట్టిన తాళం చూపించి, ముందురోజు అది తన జేబులోనే ఉందని మావ ఒట్టేశాడు. సుక్రి తన భాషలో ఏదో చెప్పింది. ఆఫీసు ప్యూను తెలుగులో చెప్పాడు. జీపు నవ్వలేదట, ఊరికే దూకిందట. ఆఫీసరు చిరాకు పడి, కొండవాళ్ళ మాటలు అర్థం కావన్నాడు.

నాకు అర్థమైంది. అక్కడున్న వాళ్ళలో నా ఒక్కడికే అర్థమైంది. తాళం తిప్పి ఉంటే ఇంజను అందుకునేది, జీపు నవ్వేది. నవ్వలేదంటే తాళం లేనట్టే. మావ నిజం చెబుతున్నాడనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యాన్ని విప్పి చెప్పగలిగినవాణ్ణి నేను.

తాళం లేకుండా బొత్తం పని చేస్తుందా అని ఆఫీసరు నన్నడిగారు. నోటితో చెప్పడమెందుకండీ, మీరే చూడండి అన్నాను. ఆ తెలివి నాకెక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పైగా నేను నొక్కలేదు. మావ చేతే నొక్కించాను. నొక్కాడు, పలకలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి బొటనవేలు తెల్లబడేటట్టు నొక్కి పట్టుకున్నాడు. తర్వాత ఆఫీసరు తాళం పెట్టి తిప్పి నొక్కారు. జీపు నవ్వింది.

తాళం మావ బండిలోనే వదిలేశాడని తేల్చేశారు. మావ తన జేబులో చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు, అక్కడ ఇంకేదో దొరుకుతుందన్నట్టు. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది.

ఎందుకు చేశాను? కేసు భయమా? అదీ ఉంది. కానీ ఆఫీసరు చెడ్డమనిషి కాదు, పొరపాటైందంటే నాలుగు తిట్టి వదిలేసేవాడేమో. షెడ్డు పోతుందనా? కొండమీద నాకు పోటీయే లేదు. చెయ్యి తిరిగిన మేస్త్రి ఒక స్క్రూ ఊడదీయలేక తీగ తప్పు పెట్టాడని నలుగురూ అనుకుంటారని. ఎంత తవ్వి చూసినా అడుగున అదే కనిపిస్తుంది. సిగ్గుగా ఉంది. పెద్ద కారణం ఒకటుంటే చెప్పుకోడానికైనా బాగుండేది.

ఎనిమిదేళ్ళ తర్వాత మావ కొత్తవలసలో కనిపించాడు. బియ్యం మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషంగా లేచి టీ తెప్పించాడు. వాచ్‌మన్ పనేనట, కానీ మిల్లు తాళాలు మాత్రం తన దగ్గర ఉంచుకోడట. గుమస్తాకి ఇచ్చేస్తాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు మూడుసార్లు ఖాళీ జేబు తడుముకున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదనుకుంటాను. తర్వాత గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"మేస్త్రీ, ఒక మాట అడుగుతాను, దాసకుండా సెప్పు. ఆ దినం తాళం నా జేబులోనే ఉన్నాదని నాకు ఇప్పుటికీ గురుతు. దారం కట్టింది కూడా గురుతు. మరి నానేటి, తాళం బండిలోనే ఒగ్గేసినానంటావా?"

ఎవరూ లేరు. ఆఫీసరు లేడు, పోలీసు లేడు. కేసు ఎప్పుడో మూలపడింది. ఆ మనిషి నా నుంచి ఉద్యోగం అడగలేదు, క్షమాపణ అడగలేదు. తన గుర్తు నిజమా కాదా అని అడిగాడు. ఔనన్న ఒక్క మాట చాలు.

"ఒగ్గేసే ఉంటావు మావా," అన్నాను.

ఆయన టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అంతేలే. నువ్వు సూపించావు గదా. నీకు తెలకపోతే ఇంకెవులకి తెలుస్తాది? ఇంక అడగనులే."

షెడ్డులో తీగ మార్చినప్పుడు భయంతో చేశాననైనా అనుకోవచ్చు. కొత్తవలసలో ఏ భయంతో అన్నాను? ఒకసారి అబద్ధం ఆడినవాడు, అదే నిజమని నమ్మినవాణ్ణి చూస్తే, ఇక నిజం చెప్పడం ఆ నమ్మకాన్ని చెడగొట్టడమే అన్నట్టు తనకు తాను నచ్చజెప్పుకుంటాడేమో. నేను అలాగే చెప్పుకున్నాను. బస్సులో ఇంటికి వెళ్తూ దారి పొడుగునా చెప్పుకున్నాను. ఒక్క మైలు కూడా నమ్మలేదు.

మావ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. కబురు తెలిసింది, వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళను? సుక్రిని మాత్రం సంతలో చాలా ఏళ్ళు చూశాను. బుద్రు కర్రతో నడిచేవాడు, కొండపోడు సాగు మానేశాడు. బరువంతా ఆమే మోసేది. పక్క నుంచి ఏ బండి వెళ్ళినా కుడిచెయ్యి కోకలో దాచుకునేది. ఆ చేతి తప్పు లేదని నేను చెప్పవచ్చు. బొత్తం నొక్కడానికే ఉంటుందని, తాళం లేకపోతే నొక్కినా కదలని బండిని మావకి ఇస్తానని మాటిచ్చింది నేనని చెప్పవచ్చు. అల్లం బేరం చేసి వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు మీకు చెప్పాను. చెప్పినందువల్ల బుద్రు మోకాలు వంగదు, మావ తిరిగి వచ్చి స్టీరింగు పట్టడు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించవలసినవాళ్ళు మీరు కారు. ఒక్కసారి ఈ మాట నా చేత్తో కాగితం మీద పెట్టాలనిపించింది.

సుక్రి చెప్పింది నిజం. జీపు నవ్వలేదు. తాళం నీ జేబులోనే ఉంది మావా.